గోదావరి ముసురులో మసాలా దినుసులు: వేడి తగలకుండా రంగు, ఘాటు, వాసన కాపాడుకునే పద్ధతులు

గోదావరి జిల్లాల్లో కారం పాడయ్యేది ఎండాకాలంలో కాదు, తొలకరి పడ్డాక. మార్చి, ఏప్రిల్‌లో కొన్న మిర్చి, ధనియాలు, పసుపు కొమ్ములు ఆవకాయలకు వాడగా మిగిలినవి జూన్ చివరికల్లా చేతికి మెత్తగా తగులుతాయి. జూలైలో డబ్బా అడుగున సన్నటి పొడి కనిపిస్తుంది, అందులో గోధుమ రంగు చిన్న పురుగులు. ఎర్రనీటికి పులసలు ఎదురెక్కే రోజులకి కారం రంగు వెలిసిపోయి ఉంటుంది. అప్పుడు మనకి తోచేది ఒకటే. ఎండ ఉంటే ఎండబెట్టడం, ముసురు పట్టి ఉంటే బాణలిలో వేయించడం. పురుగు చస్తుంది, నిజమే. డబ్బు పోసి కొన్న వాసన కూడా ఆ ఆవిరితోనే పోతుంది.

వేడి వాడకుండా దినుసుల్ని శుభ్రంగా, నిల్వకు పనికొచ్చేలా ఉంచే పద్ధతుల్ని నాన్ థర్మల్ ప్రాసెసింగ్ అంటారు. గడ్డకట్టించడం, ఆక్సిజన్ తీసేయడం, చల్లగా ఉంచి మర పట్టడం, గామా కిరణాలు పంపడం, అతినీలలోహిత కాంతి, కోల్డ్ ప్లాస్మా (విద్యుత్తుతో చురుగ్గా మార్చిన చల్లటి వాయువు) ఇవన్నీ అందులోకే వస్తాయి. వీటిలో సగం ఇంట్లోనే చేసుకోవచ్చు. మిగతావాటిలో ఒకటి రెండు డ్వాక్రా సంఘం నడిపే కారం యూనిట్‌కి కూడా అందుతాయి. అయితే డెల్టాలో ఒక వరస పాటించాలి. ముందు తేమ, తర్వాత పురుగు, ఆ తర్వాత మర, అన్నిటికన్నా చివర సూక్ష్మజీవులు. తేమ సంగతి తేల్చకుండా రేడియేషన్ సెంటర్‌కి పంపిన సరుకు ఖరీదైన బూజుతో తిరిగొస్తుంది.

ముందుగా: ఏ దినుసులో దేన్ని కాపాడుతున్నాం?

అన్ని దినుసులూ ఒకేలా పాడవ్వవు. మిర్చిలో కారాన్నిచ్చే క్యాప్సైసిన్ గట్టిది, ఏడాది గడిచినా పెద్దగా తగ్గదు. పోయేది రంగు. ఆ ఎరుపునిచ్చే కెరోటినాయిడ్లు వెలుతురుకి, గాలికి, వేడికి విరిగిపోతాయి. అందుకే పాత కారం మండుతుంది కానీ కూరకి రంగు రాదు. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్‌కి శత్రువు వెలుతురు. కిటికీ పక్కన గాజు సీసాలో పెట్టిన పసుపు పైపొర పాలిపోవడం అందరూ చూసే ఉంటారు. ధనియాలు, జీలకర్ర, యాలకులు, లవంగాల విలువంతా ఆవిరైపోయే నూనెల్లో ఉంది. గింజగా ఉన్నంతకాలం ఆ నూనె లోపల భద్రంగా ఉంటుంది, పొడి చేసిన రోజు నుంచి కారిపోతుంటుంది. మిరియాలదీ అదే కథ.

ఆవాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వేడి ఎంత నష్టం చేస్తుందో ఇంతకన్నా బాగా చూపించేది లేదు. ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి తేమ తగిలినప్పుడే రెండూ కలుస్తాయి. ముక్కుకి ఎక్కే ఆ ఘాటు అప్పుడు పుడుతుంది. పచ్చి ఆవపిండి పొడిగా ఉన్నప్పుడు అంతగా ఘాటు కొట్టదు, మామిడి ముక్కల ఊట తగిలాక విజృంభిస్తుంది. ఆవాల్ని వేయిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. కమ్మటి వాసన వస్తుంది, ఘాటు మాత్రం రాదు. ఆవకాయ ఆవాల్ని ఎండలో పెట్టి దంచమని, పొయ్యి మీద పెట్టొద్దని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే. పిండి చల్లారకుండా జాడీలో కలపొద్దన్న మాటకి కూడా ఇదే అర్థం.

అలాగని వేయించడం తప్పని కాదు. మెంతులు వేయిస్తేనే మెంతిపిండి. అది రుచి కోసం, వాడే రోజున చేసేది. నిల్వ కోసం వేయించడం వేరే సంగతి, అదే వద్దంటున్నాను.

కొనేటప్పుడు

మిర్చిని తొడిమతోనే కొని, తొడిమతోనే నిల్వ చేయండి. తొడిమ తీస్తే కాయకి నోరు తెరుచుకుంటుంది, గాలీ పురుగూ అక్కడి నుంచే దూరతాయి. మరకి ఇచ్చే ముందు రోజు తీసుకుంటే చాలు. తెల్లబడిన తాలు కాయలు, నల్ల మచ్చలున్నవి ఒక్కొక్కటి ఏరేయాలి. చూడ్డానికి చాదస్తంగా అనిపించినా బూజు విషం ఎక్కువగా ఉండేది ఆ కాయల్లోనే. బస్తా తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్ళు చల్లడం మిర్చి వ్యాపారంలో ఉన్నదే. కాబట్టి గుంటూరు నుంచి వచ్చిన సరుకైనా, మన లంకల్లో పండిన సరుకైనా బస్తా పైభాగం చూసి మోసపోకండి, మధ్యలోకి చెయ్యి పెట్టి తీయండి. కాయ ఊపితే గింజలు గలగలలాడాలి. వంచితే విరగాలి. వంగి ఊరుకుంటే తేమ ఉందన్నమాట.

కోనసీమ కొబ్బరి తోటల్లో అంతరపంటగా పసుపు, మిరియాలు వేసేవాళ్ళకి ఒక చిక్కుంది. తోటలోనే ఆరబెడితే నీడ, నేల చెమ్మ రెండూ కలిసి ఆరడం ఆలస్యమవుతుంది. పసుపు ఉడకబెట్టడం తప్పదు, అది పంట పనిలో భాగం. ఆరబెట్టడం మాత్రం సిమెంటు కల్లం మీదో, మంచెలా ఎత్తుగా కట్టిన వల మీదో చేయాలి. నేల మీద బరకం పరిస్తే రాత్రికి దాని కింద చెమ్మ చేరుతుంది. సాయంత్రం ఎండ తగ్గకముందే పోగు చేసి కప్పేయకపోతే పగలంతా ఆరింది తెల్లారేసరికి మళ్ళీ తేమ పీలుస్తుంది.

ఎండ కూడా వేడే కదా అనొచ్చు. నిజమే. కానీ ఎండలో దినుసు బాణలిలో అంతగా వేడెక్కదు, బాణలిలో సులువుగా 150 డిగ్రీలు దాటుతుంది. అయినా మిర్చి ఎండాక కూడా రోజుల తరబడి ఎండలో వదిలేస్తే రంగు పోతుంది. ఎండింది అని తేలిన రోజే తీసేయాలి. తేలేదెలా అన్నదే తర్వాతి సంగతి.

తేమ కొలవడం: 60 అనే అంకె

ప్రమాణాల ప్రకారం ఎండు మిర్చిలో తేమ 11 శాతం మించకూడదు. పసుపు కొమ్ముల్లో 12, పసుపు పొడిలో 10. ఇంట్లో శాతం కొలవడం కష్టం. అంతకన్నా పనికొచ్చేది, కొలవగలిగేది ఇంకోటి ఉంది. దినుసు చుట్టూ మూసి ఉన్న గాలిలో ఎంత తేమ నిలుస్తుందో చూడటం. ఆ గాలి తేమ 60 శాతం లోపు ఉంటే ఏ సూక్ష్మజీవీ పెరగదు. 65, 70 దగ్గర కొన్ని మొండి బూజులు మొదలవుతాయి. 80 దాటితే అఫ్లటాక్సిన్ విషాన్ని తయారుచేసే బూజుకి అనువవుతుంది. వానాకాలంలో మన ఇళ్ళలో ఉదయం పూట గాలి తేమ 80 దాటడం మామూలే. అంటే మూత తీసి ఉంచిన ప్రతి డబ్బా ఆ అంకె వైపు ప్రయాణిస్తూనే ఉంటుంది.

కొలిచే పద్ధతి ఇది. కొన్ని వందల రూపాయలకి గాలి తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ దొరుకుతుంది. ముందు దాన్ని పరీక్షించుకోవాలి. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్ళు మాత్రమే చల్లి, దాన్నీ మీటర్నీ ఒక గాజు సీసాలో పెట్టి బిగించండి. ఉప్పు మీటర్‌కి తగలకూడదు. రాత్రంతా ఉంచాక మీటర్ 75 చూపించాలి. 79 చూపిస్తే మీ మీటర్ 4 ఎక్కువ చూపిస్తోందని గుర్తు రాసుకుని ప్రతిసారీ తీసేయండి.

తర్వాత పొడి సీసాలో ముప్పాతిక భాగం మిర్చో ధనియాలో నింపి, మీటర్ లోపల పెట్టి, గట్టిగా మూసి, ఎండ తగలని చోట రాత్రంతా ఉంచండి. మిర్చిని విరిచి వేస్తే త్వరగా తేలుతుంది. పొద్దున 60 లోపు ఉంటే సరుకు ఏడాది నిల్వకి సిద్ధం. 60కి 65కి మధ్య ఉంటే మూసి పెట్టి రెండు నెలల్లో వాడేయండి. 65 దాటితే ఇంకా ఆరబెట్టాలి. 75 చూపించిన బస్తాని మిగతా సరుకుతో కలపకుండా పక్కన పెట్టి, బూజు ఉందేమో కాయ కాయ చూడండి. కారం యూనిట్ నడిపేవాళ్ళు ప్రతి బస్తాకీ ఈ పరీక్ష చేసి పుస్తకంలో రాసుకుంటే కొనేచోట బేరానికి కూడా పనికొస్తుంది.

అఫ్లటాక్సిన్ గురించి ఇక్కడే ఒక మాట. మన దేశంలో మసాలా దినుసుల్లో దీని పరిమితి కిలోకి 30 మైక్రోగ్రాములు, యూరప్‌లో 10. ఒకసారి చేరాక దీన్ని వేయించినా తీయలేం, రేడియేషన్‌తోనూ తీయలేం. బూజు చస్తుంది, విషం ఉండిపోతుంది. దీనికి మందు ముందు జాగ్రత్త ఒక్కటే.

ఉప్పు సంగతి కూడా ఈ 75తోనే ముడిపడి ఉంది. చుట్టూ గాలి తేమ 75 దాటితే ఉప్పు నీళ్ళు పీల్చి కరుగుతుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమర్చుతుంది. ఉప్పు, వెల్లుల్లి కలిపి దంచే మన సంబారు కారం వానాకాలంలో ముద్ద కట్టేది ఇందుకే. ఉప్పుని బాగా ఎండబెట్టి కలపండి. లేదంటే ఏడాది కారాన్ని ఉప్పు లేకుండా దాచి, నెలకి సరిపడా తీసినప్పుడు కలుపుకోండి. నా ఓటు రెండోదానికే.

ఎండ లేనప్పుడు ఆరబెట్టడం

పది రోజులు ముసురు పట్టింది, మీటర్ 68 చూపిస్తోంది. పొయ్యి జోలికి పోకుండా సిలికా జెల్ వాడొచ్చు. లెక్క ఇలా ఉంటుంది. 14 శాతం తేమ ఉన్న కిలో మిర్చిని 10 శాతానికి తేవాలంటే దాదాపు 44 గ్రాముల నీరు తీయాలి. జెల్ తన బరువులో ఆరో వంతు నీరు పీలుస్తుందనుకుంటే కిలోకి 300 గ్రాముల జెల్ చాలు.

మూతకి రబ్బరు రింగు ఉన్న డబ్బా తీసుకోండి. జెల్‌ని మందపాటి నూలు సంచిలో పోసి మూతి కుట్టేయండి. దినుసు అడుగున ఒకటి, పైన ఒకటి పెట్టి మూసేయండి. గాలి ఆడేలా డబ్బాలో పైన కొంత ఖాళీ ఉంచాలి. మూడు, నాలుగు రోజులకి మీటర్ చూడండి, తగ్గకపోతే జెల్ మార్చండి. రంగు మారే జెల్ కొంటే నారింజ రంగుది కొనండి. నీలం రంగు దానిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, తినే సరుకు దగ్గరికి రానీయకూడదు. నీరు పట్టిన జెల్‌ని 110, 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచితే మళ్ళీ పనిచేస్తుంది. ఇక్కడ వేడి జెల్‌కే, దినుసుకి కాదు.

ఏసీ గది ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఏసీ చల్లదనంతోపాటు గాలిలో తేమనీ తీస్తుంది. తలుపులు మూసి, పళ్ళాల్లో పలుచగా పరిచి, ఫ్యాన్ కింద రెండు రోజులు ఉంచితే ధనియాలు, జీలకర్ర లాంటివి బాగానే దారికొస్తాయి. కరివేపాకు, పుదీనా పొడులకైతే ఇదే అసలైన పద్ధతి, ఎండలో పెడితే ఆ ఆకుపచ్చ రంగు నిలవదు.

పురుగు: చలి, లేదా ఊపిరాడకుండా చేయడం

మసాలాల్లో కనిపించే ఆ గుండ్రటి గోధుమరంగు పురుగులు సాధారణంగా రెండు రకాలు, సిగరెట్ బీటిల్, డ్రగ్‌స్టోర్ బీటిల్. పొగాకు నుంచి పసుపు కొమ్ము దాకా ఇవి తినని ఎండు సరుకు లేదు. మనం చూసేది పెద్ద పురుగుని. జల్లించినా గుడ్లు మిగిలిపోతాయి, నెల తిరిగేసరికి మళ్ళీ మొదలు. డబ్బాలో ఇంగువ ముక్క వేయడం మంచి అలవాటే, వాసనకి కొత్త పురుగు దూరంగా ఉండొచ్చు. లోపల ఉన్న గుడ్డుని అది చంపలేదు.

గుడ్డుతో సహా చంపేది చలి. దినుసుని కిలో చొప్పున గాలి చొరని కవర్లలో రెండంగుళాల మందం దాటకుండా పలుచగా సర్దండి. మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో 10 రోజులు ఉంచండి. ప్యాకెట్ నడిమి భాగం కూడా ఆ చలికి చేరాలి కాబట్టే పలుచగా ఉండాలనడం. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైనుండే ఐస్ బాక్సు అంత చల్లబడదు, దాన్ని నమ్ముకోవద్దు.

అసలు జాగ్రత్త బయటికి తీశాక ఉంది. కవర్ విప్పకుండా, ఒక రోజంతా బయట వదిలేసి, గది వేడికి వచ్చాకే తెరవాలి. మన గాలికి చల్లటి మిర్చి మీద నిమిషాల్లో చెమట పడుతుంది. పది రోజులు కష్టపడి చంపిన పురుగు స్థానంలో బూజుని పిలిచినట్టవుతుంది. హైదరాబాద్‌లో ఈ తప్పు చేసినా చెల్లుతుందేమో, అమలాపురంలో చెల్లదు.

రెండో దారి ఆక్సిజన్ తీసేయడం. మూసిన ప్యాకెట్‌లో ఆక్సిజన్ 1 శాతం లోపుకి పడిపోతే మన వాతావరణపు వేడిలో రెండు వారాల్లో పురుగు అన్ని దశల్లోనూ చస్తుంది. అదే దెబ్బకి మిర్చి రంగు వెలవడం కూడా నెమ్మదిస్తుంది. ఇందుకోసం ఇనుప పొడి ఉండే ఆక్సిజన్ అబ్జార్బర్ పొట్లాలు దొరుకుతాయి. కిలో కారం ఉన్న ప్యాకెట్‌లో సుమారు ఒక లీటరు గాలి చిక్కుకుని ఉంటుంది. అందులో ఆక్సిజన్ 210 మిల్లీలీటర్లు. కాబట్టి 300 మిల్లీలీటర్ల సామర్థ్యం ఉన్న పొట్లం ఒకటి సరిపోతుంది. పొడి సరుకులకి పనికొచ్చే రకమే అడిగి తీసుకోండి, కొన్ని రకాలు తేమ ఉంటేగానీ పనిచేయవు. పెద్ద ప్యాకెట్ తెరిచాక మిగిలిన పొట్లాల్ని వెంటనే మళ్ళీ సీల్ చేయాలి, గాలిలో గంటల్లోనే అయిపోతాయి.

బస్తాల లెక్కన నిల్వ చేసే యూనిట్లు బస్తాల దొంతిని మందపాటి ప్లాస్టిక్ తొడుగులో మూసి కార్బన్ డయాక్సైడ్ నింపుతాయి. 60 శాతానికి పైగా రెండు వారాలు నిలపాలి. ఆ వాయువు నేల మట్టాన పేరుకుంటుంది, మనిషికి ఊపిరాడదు. తలుపులు తెరిచి బాగా గాలి ఆడాకే లోపలికి వెళ్ళాలి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు మాత్రం ఇంట్లో మసాలా డబ్బాల దగ్గరికి, పడుకునే గది పక్కన ఉన్న సామాన్ల గదికి ఎప్పుడూ తేవద్దు. దాని నుంచి వచ్చే ఫాస్ఫీన్ ప్రాణం తీస్తుంది. అది శిక్షణ పొందినవాళ్ళు, గోదాముల్లో చేసే పని.

మర దగ్గర

ఇన్ని జాగ్రత్తలు పడి తెచ్చిన మిర్చి వాసన అరగంటలో పోయేది ఇక్కడే. మామూలు మరలో రాపిడికి పొడి 40 డిగ్రీల నుంచి ఒక్కోసారి 90 దగ్గరి దాకా వేడెక్కుతుంది. మర చుట్టుపక్కల వీధంతా ఘుమఘుమలాడుతోందంటే ఆ వాసన మీ డబ్బాలో లేదని అర్థం.

పెద్ద కంపెనీలు దీనికి క్రయోజెనిక్ గ్రైండింగ్ వాడతాయి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో దినుసుని పెళుసెక్కించి పొడి చేస్తారు. నూనె నిలుస్తుంది, పొడి సన్నగా వస్తుంది, జల్లెడకి అంటుకోదు. జాజికాయ, లవంగం లాంటి నూనె ఎక్కువున్న సరుకు అమ్మేవాళ్ళకి ఆ ఖర్చు గిట్టుతుంది. రోజుకి రెండు బస్తాల కారం పట్టే యూనిట్‌కి గిట్టదు.

మన స్థాయిలో చేయగలిగినవి చేద్దాం. తెల్లవారగట్ల మొదటి విడత మీదే అయ్యేలా చూసుకోండి, అప్పటికి మర చల్లగా ఉంటుంది. ఒకేసారి సన్న జల్లెడ పెట్టొద్దు. ముందు కచ్చాపచ్చాగా ఒకసారి, కాసేపు ఆగి సన్నగా రెండోసారి. ఐదారు కిలోలకి ఒకసారి మరని ఆపి చల్లారనివ్వాలి. మరవాళ్ళు విసుక్కుంటారు, ముందే మాట్లాడుకోండి. పొడిలో చెయ్యి పెట్టలేనంత వేడి తగిలితే అక్కడికక్కడే ఆపేయమనండి. మిర్చిని ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా మరకి ఇవ్వడం చాలామంది సలహా ఇస్తారు, పొడి గాలి ఉండే చోట మంచిదే. ఇక్కడ మర తొట్టిలో పోసేలోపే కాయ చెమ్మగిల్లుతుంది. ముందు రాత్రి ఏసీ గదిలో ఉంచి, కవర్‌తోనే మర దాకా తెచ్చుకోవడం మేలు.

పొడి వేడి మీద డబ్బాలో మూస్తే లోపలి ఆవిరి మూతకి చేరి తిరిగి కారంలోనే పడుతుంది. వెడల్పాటి స్టీలు బేసిన్‌లో పోసి, పలుచటి గుడ్డ కప్పి, ఫ్యాన్ కింద చల్లార్చి వెంటనే సర్దేయండి. వానాకాలంలో అయితే ఇది మూసిన గదిలో చేయాలి, వరండాలో కాదు.

దంపుడు కారం ఎందుకు బాగుంటుందంటే రోకలి దెబ్బకి దెబ్బకి మధ్య విరామం ఉంటుంది, పొడి వేడెక్కే సమయం ఉండదు. మరకి ఆ ఓపిక లేదు కాబట్టి మనమే ఇవ్వాలి.

కారంలో 2 శాతం దాకా వంటనూనె కలపడానికి నిబంధనలు అనుమతిస్తాయి, లేబుల్ మీద ఆ సంగతి రాయాలి. నూనె పూత రంగుని కొంత కాపాడుతుంది, దుమ్ము లేవనివ్వదు. ఇంటికైతే కిలోకి ఒక చెంచాడు నువ్వుల నూనె చాలు.

దాచే కవరు, డబ్బా

మామూలు పాలిథిన్ కవరు నీటిని కొంతవరకు ఆపుతుంది కానీ వాసనని ఆపలేదు. బయటి నుంచి ముక్కు దగ్గర పెట్టుకుంటే జీలకర్ర వాసన వస్తుందంటే ఆ కవరు లెక్కలోకి రాదు. అల్యూమినియం పొర ఉన్న లామినేట్ కవర్లు వాడాలి, వెలుతురూ రాదు. వాక్యూమ్ ప్యాకింగ్ పొడులకి, ధనియాలకి బాగుంటుంది. మొత్తం మిర్చికి వద్దు, కాయ విరిగి దాని మొన కవర్‌కి చిల్లు పెడుతుంది. ఇంట్లో అయితే పెద్ద నిల్వని అరకిలో ప్యాకెట్లుగా విడగొట్టి, రోజూ తెరిచే డబ్బాలో నెలకి సరిపడా మాత్రమే ఉంచండి. ఆవిరి వచ్చే గిన్నె మీదే డబ్బా ఒంచి కారం చల్లే అలవాటు మానేస్తే సగం ముద్దలు తగ్గుతాయి.

పెద్ద మొత్తమైతే కోల్డ్ స్టోరేజీ. గుంటూరు చుట్టూ మిర్చి కోసమే అన్ని కోల్డ్ స్టోరేజీలు వెలిసింది రంగు కోసమే. తీసేటప్పుడు మాత్రం ఫ్రీజర్‌కి చెప్పిన సూత్రమే, బస్తా గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు.

రేడియేషన్: యూనిట్లు, ఎగుమతిదారులకి

ఇప్పటిదాకా చెప్పినవేవీ బాక్టీరియాని చంపవు. సాల్మొనెల్లా ఎండు దినుసులో పెరగకపోయినా నెలల తరబడి బతికే ఉంటుంది, బాసిల్లస్ సీరియస్ గట్టి బీజరూపంలో పడుకుని ఉంటుంది. ఇంట్లో కూరలో ఉడికే కారానికి ఇది పెద్ద బెంగ కాదు. పెరుగు మీద చల్లే జీలకర్ర పొడి, చిప్స్ మీద చల్లే మసాలా, విదేశాలకి వెళ్ళే సరుకు అయితే పట్టించుకోవాలి. ఆవిరితో శుద్ధి చేస్తే కొంత నూనె, రంగు పోతాయి. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు క్యాన్సర్ కారకం, యూరప్‌లో నిషేధం. 2024లో హాంకాంగ్, సింగపూర్ కొన్ని భారతీయ మసాలా ప్యాకెట్లని మార్కెట్ నుంచి తీయించడానికి కారణం దాని అవశేషాలే. ఇక వేడి లేకుండా ప్యాకెట్ లోపలి దాకా పనిచేసేది రేడియేషన్.

ఆ మాట వినగానే చాలామందికి టెన్షన్. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయించుకున్న మనిషి ఎలా రేడియోధార్మికం అవ్వడో, గామా కిరణాలు దాటిపోయిన మిర్చి కూడా అలాగే అవ్వదు. కోబాల్ట్ 60 నుంచి వచ్చే కిరణాలు డబ్బాల గుండా దూసుకెళ్ళి సూక్ష్మజీవి డీఎన్ఏని తెంపుతాయి. సరుకు వేడెక్కేది కొద్ది డిగ్రీలే. మన దేశంలో నవీ ముంబైలోని వాషిలో మసాలాల కోసం ప్రభుత్వ కేంద్రం 2000లో మొదలైంది. తర్వాత ప్రైవేటు కేంద్రాలూ వచ్చాయి. పురుగు కోసమైతే 0.3 నుంచి 1 కిలోగ్రే (సరుకు పీల్చుకున్న కిరణాలని కొలిచే ప్రమాణం) మోతాదు, సూక్ష్మజీవుల కోసమైతే 6 నుంచి 14 కిలోగ్రే అని మన నిబంధనలు. యూరప్ గరిష్ఠం 10, అమెరికాలో 30. సరుకు ఏ దేశానికో ముందే కేంద్రానికి చెప్పకపోతే 12 కిలోగ్రే పడ్డ సరుకు యూరప్‌లో చెల్లదు.

పని వరస ఇలా ఉంటుంది. తేమ 60 పరీక్ష దాటిన లాట్‌నే తీసుకోండి. ముందు ల్యాబ్‌లో మొత్తం బాక్టీరియా, ఈస్టు, బూజు లెక్క, సాల్మొనెల్లా, అఫ్లటాక్సిన్ చూపించండి. అఫ్లటాక్సిన్ ఎక్కువుంటే అక్కడే ఆగిపోండి, మిగతా ఖర్చు దండగ. వినియోగదారుడికి చేరే చివరి ప్యాకెట్‌లోనే సీల్ చేసి, ఒకే కొలత అట్టపెట్టెల్లో సర్దండి. శుద్ధయ్యాక మళ్ళీ విప్పి సర్దితే చేతుల నుంచి, గాలి నుంచి సూక్ష్మజీవులు తిరిగొస్తాయి. పెట్టెలన్నీ ఒకే బరువు ఉంటే మోతాదు సమంగా పడుతుంది. తిరిగొచ్చాక మోతాదు రాసిన సర్టిఫికెట్ తీసుకుని, ల్యాబ్ పరీక్ష మళ్ళీ చేయించి, 25 గ్రాముల్లో సాల్మొనెల్లా లేదని చూసుకోండి. లేబుల్ మీద రేడియేషన్‌తో శుద్ధి చేశామన్న ప్రకటన, ఆకుపచ్చ రాడురా గుర్తు తప్పనిసరి.

ఏజెన్సీ మిరియాలు, పసుపుని సేంద్రియం అని అమ్మేవాళ్ళకి ఈ దారి లేదు. సేంద్రియ ప్రమాణాలు రేడియేషన్‌ని ఒప్పుకోవు. వాళ్ళు కోసిన రోజు నుంచి శుభ్రత, చలి, కార్బన్ డయాక్సైడ్ మీదే ఆధారపడాలి.

మిగతా పద్ధతులు

అతినీలలోహిత దీపాలు 254 నానోమీటర్ల కాంతితో పైపొరని శుద్ధి చేస్తాయి, నీడ పడ్డ చోట ఏమీ చేయవు. ముడతలు పడ్డ మిర్చికీ, మిరియానికీ నీడలే ఎక్కువ. ప్యాకింగ్ గది గాలికి, బల్లలకి వాడితే బాగుంటుంది. ఓజోన్ బూజుని తగ్గిస్తుంది కానీ అది ఆక్సీకరణంతోనే పనిచేస్తుంది కాబట్టి మిర్చి రంగుని కూడా తింటుంది. కోల్డ్ ప్లాస్మా మీద పరిశోధనలు చాలా జరుగుతున్నాయి. మన ఊరి యూనిట్ కొనే స్థితికి ఇంకా రాలేదు. ఎవరైనా ప్లాస్మా యంత్రం అమ్మజూపితే మీ సరుకుతోనే నడిపించి, ముందూ వెనకా ల్యాబ్ రిపోర్టు అడగండి.

అధిక పీడనం మాత్రం వేరే కోవ. 400 నుంచి 600 మెగాపాస్కల్స్, అంటే వాతావరణ పీడనానికి నాలుగు నుంచి ఆరు వేల రెట్లు, నీటి ద్వారా ప్యాకెట్ మీద వేస్తారు. నీరు లేని ఎండు దినుసులో ఇది పనిచేయదు. అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి ముద్ద లాంటి తడి సరుకుకి పచ్చి వాసన పోకుండా నిల్వ ఇస్తుంది. బాక్టీరియా బీజరూపాలు ఈ పీడనానికి కూడా చావవు. కాబట్టి ఆ ముద్దలు తర్వాత కూడా ఫ్రిజ్‌లోనే ఉండాలి, నిమ్మరసంతో పులుపు పెంచితే ఇంకా భద్రం. ఆ యంత్రం కోట్లలో పని. ఇంట్లో అల్లం వెల్లుల్లి ముద్దకైతే నీళ్ళు పోయకుండా రుబ్బి, ఐస్ ట్రేలో గడ్డకట్టించి, ఆ ముక్కల్ని కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే చాలు, కూరకి ఒకటి రెండు ముక్కలు తీసి నేరుగా పోపులో వేసుకోవచ్చు.